లైను ఆపకుండా మార్పు

1927 మే నెలాఖరున హెన్రీ ఫోర్డ్ తన టి మోడల్ కారు తయారీకి స్వస్తి చెప్పాడు. అప్పటికి కోటిన్నర కార్లు తయారయ్యాయి. 1913లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాక, ఒక్కో ఛాసిస్‌ని బిగించడానికి పట్టే సమయం పన్నెండున్నర గంటల నుంచి 93 నిమిషాలకు దిగింది. ఆ వేగం ఊరికే రాలేదు. అక్కడి యంత్రాలు, వాటిలో బిగించే ఫిక్స్చర్లు, పనివాళ్ళు నిలబడే చోటు, సామాను అందే క్రమం, అన్నీ ఆ ఒక్క కారు కొలతలకు తగ్గట్టు కుదిర్చినవే. కారు మారాల్సి వచ్చేసరికి, అంతవరకూ బలంగా ఉన్నదే బరువైపోయింది. కొత్త ఏ మోడల్ కారు డిసెంబరులో గాని జనం ముందుకు రాలేదు. దాదాపు ఆరు నెలలు ఉత్పత్తి నిలిచిపోయింది, వేలాదిమంది కార్మికులకు పని లేకుండా పోయింది. ఆ ఏడాది అమ్మకాల్లో షెవర్లే ఫోర్డును దాటిపోయింది.

షెవర్లేని నడిపించిన విలియం నుడ్సెన్ ఒకప్పుడు ఫోర్డు దగ్గర పనిచేసినవాడే. ఆయన ఒకే పనికి పనికొచ్చే యంత్రాల మీద కాకుండా, సర్దుబాటు చేసుకోగల మామూలు యంత్రాల మీద ఆధారపడ్డాడు. 1928 చివర్లో నాలుగు సిలిండర్ల ఇంజను నుంచి ఆరు సిలిండర్ల ఇంజనుకు మారినప్పుడు, ముందు ఒక చిన్న ప్రయోగాత్మక లైను మీద కొత్త ఇంజను తయారీలో ఉన్న ఇబ్బందులన్నీ తేల్చుకున్నాడు. అసలు కర్మాగారం మూడు వారాల్లో మారిపోయింది. నలభై ఏళ్ళ తరువాత జపానులో షిగియో షింగో ఇదే ఆలోచనకు ఇంకా పదును పెట్టాడు. 1969లో టయోటాలో 1000 టన్నుల ప్రెస్సుకు అచ్చు మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. ఆయన ఆ పనులన్నిటినీ రెండు రకాలుగా విడగొట్టాడు. యంత్రం ఆపితే తప్ప కుదరనివి కొన్ని, యంత్రం నడుస్తుండగానే చేసుకోగలిగినవి కొన్ని. మొదటి రకంలోవి ఒక్కొక్కటే రెండో రకంలోకి నెట్టుకుంటూ పోతే ఆ నాలుగు గంటలు చివరికి మూడు నిమిషాలయ్యాయి. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఈ దారిలోదే. ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న డిజిటల్ ట్విన్, అంటే లైనుకు కంప్యూటరులో కట్టిన ప్రతిరూపం, నుడ్సెన్ ప్రయోగాత్మక లైనుకీ షింగో విభజనకీ వారసురాలు. లైను ఆపి తెలుసుకోవాల్సిన సంగతుల్ని, లైను నడుస్తుండగానే తెలుసుకునేలా చేయడమే దాని పని. ఆ పని ఎంత బాగా చేస్తుందన్నది కంప్యూటరు తెర మీది బొమ్మ అందాన్ని బట్టి ఉండదు. ఆ బొమ్మకీ కింద షాప్‌ఫ్లోర్‌కీ పొంతన ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఫోర్డుకు వచ్చిన ఇబ్బంది పందొమ్మిదేళ్ళకొకసారి వచ్చింది. నేటి కర్మాగారానికి అది నిమిషానికొకసారి వస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో సెల్టోస్, సోనెట్, కారెన్స్ తయారవుతాయి. వాటిలో పెట్రోలువి, డీజిలువి, ఇప్పుడు విద్యుత్ బళ్ళు కూడా. ఎగుమతికి వెళ్ళే కొన్నిటికి స్టీరింగు ఎడమవైపు ఉండాలి. ఇక కొనేవాళ్ళు కోరుకునే సదుపాయాలు చూడండి. ఉంటే ఉంది, లేకపోతే లేదు అనదగ్గవి ఇరవై ఉన్నా, వాటి కలయికలు 10,48,576 అవుతాయి. వీటిలో ఏ రెండు బళ్ళూ ఒకేలా ఉండనక్కర్లేదు, లైను మాత్రం ఒకే వేగంతో నడవాలి.

ఇది ఎంత చిక్కో ఒక్క స్టేషను దగ్గర నిలబడి లెక్క వేస్తే తెలుస్తుంది. నిమిషానికి ఒక కారు చొప్పున లైను కదులుతోందనుకుందాం. పైకప్పు లోపలి భాగం బిగించే స్టేషనులో మామూలు కారుకి 50 సెకన్లు, సన్‌రూఫ్ ఉన్న కారుకి 75 సెకన్లు పడుతుందనుకుందాం. ప్రతి మూడింటిలో ఒకటి సన్‌రూఫ్ కారైతే మొత్తం పని 175 సెకన్లు. ఉన్న సమయం 180. కాగితం మీద సరిపోయింది. కాని రెండు సన్‌రూఫ్ కార్లు వెంటవెంటనే వస్తే? మొదటి కారు పూర్తయ్యేసరికి పనివాడు 15 సెకన్లు వెనకబడతాడు, రెండో దానికి 30 సెకన్లు. అతను కదిలే కారు వెంట నడుస్తూ పక్క స్టేషనులోకి చొరబడకుండా 20 సెకన్ల ఆలస్యం వరకే తట్టుకోగలడనుకుంటే, రెండో కారు దగ్గరే పని చెడింది. అయితే లైను ఆగాలి, లేకపోతే పని సగంలో వదిలేసి ఆ కారుని చివర్లో మరమ్మతు చోటికి పంపాలి. మామూలు కారు ఒక్కొక్కటి అతనికి 10 సెకన్లే తిరిగిస్తుంది. 30 సెకన్ల అప్పు తీరాలంటే వరసగా మూడు మామూలు కార్లు రావాలి. సగటు సరిపోయినా వరస సరిపోకపోవచ్చునని ఈ లెక్క చెబుతుంది.

ఇలాంటి నియమాలు లైను పొడుగునా స్టేషనుకొకటి ఉంటాయి, అవి ఒకదానికొకటి అడ్డొస్తాయి. ఏ కారు వెనక ఏ కారు పంపాలన్నది గణిత శాస్త్రజ్ఞులకే కొరుకుడు పడని సమస్య. ఫ్రాన్సుకు చెందిన రెనో సంస్థ 2005లో దీన్నే పరిశోధకులకు పోటీ ప్రశ్నగా ఇచ్చింది. అనుభవమున్న సూపర్‌వైజరు చాలావరకు మనసులోనే సర్దేస్తాడు, నిజమే. కాని ఉదయం పదింటికి ఒక సరఫరాదారు లారీ రాలేదు, రెండు గంటల పాటు సన్‌రూఫులు లేవు అన్నప్పుడు, వరస మొత్తం మార్చాలి. మారిస్తే మధ్యాహ్నం ఏ స్టేషను తడబడుతుందో అతనికి ఎలా తెలుస్తుంది? ఇంతకుముందు అయితే మార్చి చూసి తెలుసుకునేవారు. తెలుసుకున్నందుకు ఆగిన లైనే మూల్యం.

డిజిటల్ ట్విన్ అంటే, ఆ లైనుకు కంప్యూటరులో ఉండే ప్రతిరూపం. ప్రతి స్టేషనూ, రోబో, కన్వేయరు, అక్కడ పట్టే సమయాలు, వాటి మధ్య దూరాలు, చెడిపోయే తీరు అందులో ఉంటాయి. అసలు లైను మీది సెన్సర్ల నుంచి సమాచారం ఎప్పటికప్పుడు అందులోకి చేరుతుంటుంది. 2002లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ గ్రీవ్స్ ఈ ఆలోచనను వస్తువు జీవితకాలం మొత్తానికి వర్తించేలా ప్రతిపాదించాడు. నాసాకు చెందిన జాన్ వికర్స్ పెట్టిన పేరు 2010లో నాసా పత్రాల ద్వారా వ్యాపించింది. చరిత్ర ఇంతకంటే ఎక్కువ అవసరం లేదు. పనితీరే ముఖ్యం.

కారుకి ముందు అద్దం అమర్చే రోబోని తీసుకోండి. రబ్బరు కప్పులతో గాలి లాగి అద్దాన్ని పట్టుకుంటుంది, అంచుల వెంట జిగురు రాయించుకుంటుంది, కారు చట్రంలో ఒత్తి పెడుతుంది. ఈ కదలికల వరసను నడిపించేది పీఎల్‌సీ అనే చిన్న పారిశ్రామిక కంప్యూటరు. కొన్ని మిల్లీసెకన్లకొకసారి అది సెన్సర్లను చదివి ఆజ్ఞలు ఇస్తుంది. దానికి కళ్ళు లేవు. తీగల మీద వచ్చే సంకేతాలే దాని లోకం. ఆ తీగల అవతల నిజమైన రోబో ఉన్నా, రోబోలా జవాబులిచ్చే సాఫ్ట్‌వేర్ ఉన్నా దానికి తేడా తెలియదు. అందుకని ఇంజనీర్లు నిజమైన పీఎల్‌సీని ఊహా రోబోకి కలుపుతారు. గాలి పట్టు కుదిరిందని చెప్పే సంకేతం 200 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ప్రోగ్రాము ఏం చేస్తుంది? పట్టు చిక్కక ముందే చెయ్యి లేపేస్తుందా? జిగురు రాసే ముక్కు మధ్యలో మూసుకుపోతే కన్వేయరు ఆగుతుందా, లేక జిగురు లేని అద్దాన్నే అంటించేస్తుందా? అసలు లైను మీద ఇవి కావాలని చేసి చూసే ధైర్యం ఎవరికీ ఉండదు. ప్రతిరూపం మీద వందసార్లు చేసి చూడవచ్చు. ఒక్క అద్దమూ పగలదు, ఎవరి చెయ్యీ నలగదు. తప్పులు తేలాక అదే ప్రోగ్రామును అసలు రోబోకి ఎక్కిస్తారు. కొత్త మోడల్ కారు లైనులోకి వస్తున్నప్పుడు లైను ఆపి ఇన్నాళ్ళూ చేసిన పనిలో పెద్ద వాటా ఇదే.

బీఎండబ్ల్యూ ఈ దారిలో చాలా దూరం వెళ్ళింది. హంగేరీలోని డెబ్రెత్సెన్‌లో కట్టిన కొత్త కర్మాగారం 2023 మార్చిలోనే కంప్యూటరులో ఉత్పత్తి మొదలుపెట్టింది. నిజమైన కార్ల ఉత్పత్తి 2025 అక్టోబరు చివర్లో మొదలైంది. ఆ సంస్థ చెప్పిన ఇంకొక సంగతి నాకు దీనికంటే ముఖ్యంగా తోస్తుంది. పాత కర్మాగారంలోకి కొత్త కారు వచ్చేముందు, అది లైను పొడుగునా ఎక్కడా దేనికీ తగలకుండా పోతుందో లేదో చూడాలి. ఇదివరకు సెలవు రోజుల్లో కారుని చేత్తో నడిపించి, పెయింటు షాపులో కార్లను ముంచే తొట్లను సైతం ఖాళీ చేసి చూసేవారు. దాదాపు నాలుగు వారాలు పట్టేది. కర్మాగారాలను త్రిమితీయంగా స్కాన్ చేసి పెట్టుకున్నాక, అదే పరీక్ష కంప్యూటరులో మూడు రోజుల్లో అయిపోతోందని వారి మాట. సంస్థ తన గురించి తాను చెప్పుకున్న అంకె కాబట్టి కొంత తగ్గించుకుని నమ్మినా, అందులో దాగిన తేడా చెక్కుచెదరదు. ఆ మూడు రోజులూ తొట్లు నిండుగానే ఉన్నాయి, లైను నడుస్తూనే ఉంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, ఇదంతా పాత సిమ్యులేషనే కదా, కొత్త పేరు పెట్టి అమ్ముతున్నారు అని. ఇందులో నిజం చాలా ఉంది. 2018లో ఆస్ట్రియా పరిశోధకుడు వెర్నర్ క్రిట్జింగర్, ఆయన సహచరులు అప్పటికి వచ్చిన పరిశోధన పత్రాలను జల్లెడ పట్టి మూడు అంతరాలు గుర్తించారు. చేత్తో సమాచారం ఎక్కించి నడిపేది నమూనా. అసలు లైను నుంచి సమాచారం తనంత తాను వచ్చి చేరేది నీడ. సమాచారం అటూ ఇటూ తనంత తాను నడిచి, ప్రతిరూపంలో తేలిన నిర్ణయం అసలు లైనుకు చేరేది మాత్రమే ట్విన్. ఆ కొలతతో చూస్తే ట్విన్ అని చెప్పుకున్న వాటిలో ఆ పేరుకు తగినవి చాలా తక్కువ అని తేలింది. కాని అభ్యంతరం చెప్పేవారు గమనించాల్సింది ఒకటుంది. ఒక్కసారి కట్టి వదిలేసిన సిమ్యులేషనుకు నిన్నటి లైనే తెలుసు. స్క్రూ బిగించే విద్యుత్ పరికరాన్ని చూడండి. ప్రతి స్క్రూకీ ఎంత బలం పడింది, ఎన్ని డిగ్రీలు తిరిగింది అన్నది అది నమోదు చేస్తుంది. మర వంకరగా ఎక్కితే కొద్దిగా తిరగగానే బలం అమాంతం పెరుగుతుంది. రంధ్రంలో మర అరిగిపోయి ఉంటే ఎంత తిరిగినా బలం పెరగదు. ఇవి అక్కడికక్కడే దొరికిపోతాయి. కాని సరఫరాదారు స్క్రూల పూత మార్చాడనుకోండి, రాపిడి పెరుగుతుంది, ప్రతి స్క్రూ రెండు మూడు డిగ్రీలు ముందే ఆగుతుంది. ఒక్కటీ హద్దు దాటదు, ఎర్ర దీపం వెలగదు. వేలాది స్క్రూల సమాచారం రోజూ అందుకునే ప్రతిరూపంలో మాత్రం ఆ జరుగుబాటు కనిపిస్తుంది. రేపు ఈ స్టేషనుకి కొత్త మోడల్ ఇవ్వవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఆ జరుగుబాటు తెలిసినవాడే చెప్పగలడు.

అందుకే పొంతన తప్పిన ప్రతిరూపం లేనిదానికంటే ప్రమాదకరం. ఎయిర్‌బస్ ఎ380 విమానం కథ ఇందుకు సాక్ష్యం. ఆ విమానంలో సుమారు 530 కిలోమీటర్ల తీగలు ఉంటాయి. విమానం కాయం భాగాలు జర్మనీలోని హాంబర్గులో తయారై, తీగల కట్టలతో సహా ఫ్రాన్సులోని తులూజుకు వచ్చేవి. డిజైనంతా కంప్యూటరులోనే జరిగింది. అయితే జర్మన్ ఇంజనీర్లు కాటియా సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్ వాడితే, ఫ్రెంచివారు అయిదో వెర్షన్ వాడారు. ఒకచోట జరిగిన మార్పు ఇంకొకచోటి నమూనాలో సరిగా ప్రతిఫలించలేదు. తెర మీద అతికిన తీగలు తులూజులో అతకలేదు, పొట్టివయ్యాయి. వందలాది జర్మన్ ఎలక్ట్రీషియన్లు తులూజు వచ్చి చేత్తో సరిచేయాల్సి వచ్చింది. 2006లో బయటపడ్డ ఈ వ్యవహారంతో కార్యక్రమం దాదాపు రెండేళ్ళు ఆలస్యమైంది. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్సుకు 2007 అక్టోబరులో అందింది. కంప్యూటరుని నమ్మినందుకు వచ్చిన తిప్పలు కావివి. రెండు ప్రతిరూపాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోయినా, రెండూ నిజమేనని అందరూ నమ్మినందుకు వచ్చినవి. వేర్వేరు సంస్థల యంత్రాలు, సాఫ్ట్‌వేర్లు ఒకే వస్తువు గురించి ఒకే తీరున చెప్పుకోవాలన్న అవసరం నుంచే, తయారీ రంగంలో ట్విన్ల కోసం 2021లో ఐఎస్ఓ 23247 ప్రమాణం వచ్చింది.

ప్రమాణం ఉంటే సరిపోదు, రోజువారీ శ్రద్ధ కావాలి. కిరాణా కొట్టు చిట్టాలో నాలుగు రోజులు సరుకు రాయడం మానేస్తే, అయిదో రోజు నుంచి ఆ చిట్టా చూసి సరుకు తెప్పించడం నష్టం తెచ్చుకోవడమే. ట్విన్ సంగతీ అంతే. రాత్రి షిఫ్టులో ఎవరో ఒక సామాను బల్లను అరగజం పక్కకు జరుపుతారు. ఒక రోబో పట్టు అరిగి, మరమ్మతువాళ్ళు కాస్త వేరే కొలతది పెడతారు. పని తేలికవుతుందని ఇద్దరు కార్మికులు బిగింపుల వరస మార్చుకుంటారు. వీటిలో చాలావాటికి సెన్సరు లేదు. ట్విన్ ఏర్పాటుకు డబ్బు పెట్టి, దాన్ని దిద్దుతూ ఉండడానికి మనుషుల్ని పెట్టని సంస్థ, ఏడాది తిరిగేసరికి తన కర్మాగారం గతాన్ని చూపే ఖరీదైన బొమ్మను మాత్రమే సంపాదించుకుంటుంది.

ఇక్కడే బలమైన అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. అసలు సర్దుబాటు గుణం ఉన్నది మనుషుల్లో అయితే ఈ కంప్యూటరు హంగంతా ఎందుకు? 2018లో టెస్లా అనుభవం ఈ వాదానికి ఊతమిస్తుంది. మోడల్ 3 కారు అసెంబ్లీని వీలైనంతవరకు రోబోలకు అప్పగించబోయి ఆ సంస్థ చిక్కుల్లో పడింది. బ్యాటరీ మీద మెత్తటి ఫైబర్‌గ్లాస్ పరుపు వేయడం రోబో చేతికి చిక్కలేదు, మనిషి చేతికి అది చిటికెలో పని. అతి యాంత్రీకరణ పొరపాటేననీ, మనుషుల్ని తక్కువ అంచనా వేశామనీ ఆ ఏప్రిల్‌లో ఎలాన్ మస్క్ బహిరంగంగా ఒప్పుకున్నాడు. జూన్‌లో కాలిఫోర్నియాలోని ఫ్రిమాంట్ కర్మాగారం ఆవరణలో పెద్ద డేరా వేసి, ఎక్కువగా మనుషులతో నడిచే మరో లైను పెట్టారు. మనిషి చేతికి ఉన్న సర్దుబాటు గుణం ఏ యంత్రానికీ ఇంకా రాలేదన్నది నేనూ ఒప్పుకుంటాను. కాని ఈ వాదం రోబోల మీద దెబ్బ, ట్విన్ మీద కాదు. మనుషులే ఉన్న లైనులో సన్‌రూఫ్ లెక్క చిక్కు ఇంకా ఎక్కువ. వేర్వేరు కార్లు ఒకే లైను మీద నడపడంలో టయోటా సాధించినది చాలావరకు మనుషుల మీదే నిలిచింది, నిజం. అయితే ఆ మనుషులకూ కొత్త వరసను ముందుగా చేసి చూసుకునే వీలు కావాలి. ఏ పని మనిషికివ్వాలి, ఏది రోబోకివ్వాలి అన్నది కట్టకముందే తేల్చి చూపగల సాధనం ఉంటే, అది మనిషి విలువను తగ్గించదు, రుజువు చేస్తుంది. ఆ ఫైబర్‌గ్లాస్ లాంటి మెత్తని వస్తువుల నడతను నేటి ప్రతిరూపాలు కూడా సరిగా పట్టుకోలేవన్నది మాత్రం ఒప్పుకోవాలి. లోహంతో, కదిలే చేతులతో, కాలంతో అవి బాగా పనిచేస్తాయి. గుడ్డ, తీగ, రబ్బరు దగ్గర తడబడతాయి.

మనిషిని గురించిన ఇంకో ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోలేను. స్టేషను సమయాన్ని సెకన్లలో కొలిచే ఏర్పాటు, అక్కడ నిలబడ్డ మనిషిని కూడా సెకన్లలో కొలుస్తుంది. ఫలానా ఆమె మంగళవారం మధ్యాహ్నం నాలుగు సెకన్లు నెమ్మదిగా ఉందని ట్విన్‌కి తెలుస్తుంది. జర్మనీలో పనివారి నడవడికను గమనించగల ఏ సాంకేతిక పరికరం పెట్టాలన్నా కార్మికుల మండలితో ఒప్పందం కుదరాలని చట్టంలోనే ఉంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఉద్యోగ సంబంధమైన కొన్ని అవసరాలకు ఉద్యోగి సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు యజమానికి ఇస్తోంది. ఇది న్యాయం కాదు, పైగా తెలివైన పని కూడా కాదు. తనను శిక్షించడానికి వాడతారని తెలిస్తే ఏ మనిషీ తన పనిలో చేసుకున్న మార్పును బయటపెట్టడు. అతను దాచినంతమేరా ప్రతిరూపం అబద్ధమవుతుంది. ఎవరు చేశారన్నది వదిలేసి, పని ఎంతసేపు పట్టిందన్నదే నమోదు చేస్తే సన్‌రూఫ్ లెక్కకు ఏ లోటూ రాదు.

ఇదంతా బీఎండబ్ల్యూలకు సరిపోతుంది గాని, జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో పాతికమందితో నడిచే యూనిట్‌కి ఎందుకు అని అడగవచ్చు. అద్భుతమైన త్రిమితీయ దృశ్యాలు ఆ యూనిట్‌కి అక్కర్లేదన్నది నిజమే. కాని చిన్న యూనిట్‌కే రకరకాల ఆర్డర్లు, చిన్న చిన్న బ్యాచ్‌లు, రోజుకి నాలుగుసార్లు సెటప్ మార్పులు. లైను ఆపి నేర్చుకునే స్తోమత దానికే తక్కువ. పైథాన్ భాషలో సిమ్‌పై అనే ఉచిత సాధనం ఉంది. మామూలు కంప్యూటరు మీద ఒక లైను నడకను, క్యూలను, ఆలస్యాలను లెక్కించడానికి అది చాలు. ఖరీదైనది సాఫ్ట్‌వేర్ కాదు, నమ్మదగ్గ కొలతలు. మన ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు ప్రాజెక్టు పేరుతో ఊహాకర్మాగారాలకు రంగుల బొమ్మలు చేయడం మాని, దగ్గరలో ఉన్న ఒక యూనిట్‌కి వెళ్ళి, అక్కడివారి అనుమతితో, ఒక్క స్టేషనుని రెండు వారాలు కొలవాలి. ఏ భాగానికి ఎంతసేపు, సెటప్ మార్పుకి ఎంతసేపు, ఏది ఎప్పుడు ఎందుకు ఆగింది అన్నది రాసుకోవాలి. ఆ లెక్కతో రేపటి ఆర్డర్ల వరసను అంచనా కట్టి, రేపు సాయంత్రం వెళ్ళి జరిగినదానితో పోల్చుకోవాలి. తేడా వచ్చిన చోట యంత్రం దగ్గర నిలబడే మనిషినే కారణం అడగండి, అతను చెప్పింది నమూనాలో చేర్చండి.